గూగుల్ లేని ఫోన్‌కి మారాలంటే ముందు ఏం చేయాల, తర్వాత ఏం చేయాల

అమ్మకి ఒంట్లో బాగలేక నెల్లూరులో ఆస్పత్రిలో పెట్టినప్పుడు పదకొండు రోజులు నేను కావలికీ నెల్లూరికీ తిరిగాను. ఆర్నెల్ల తర్వాత ఫోన్లో ఏదో వెతుకుతుంటే గూగుల్ మ్యాప్స్‌లో టైమ్‌లైన్ అని తెరుచుకుంది, ఆ పదకొండు రోజులూ అందులో ఉన్నాయి, ఏ రోజు ఎన్నింటికి పోయాను, ఎంతసేపు ఉన్నాను, ఒక రాత్రి బయటికొచ్చి ఇడ్లీ బండి దగ్గర ఇరవై నిమిషాలు నిలబడింది కూడా. అవన్నీ నేను రాసి పెట్టుకున్నవి కాదు, ఎవరో నా గురించి రాసి పెట్టుకున్నవి. నాకు చాలా బాధేసింది. అప్పుడు మొదలుపెట్టా, రెండేళ్ళయింది, ఇప్పుడు ఇంట్లో నాదీ, నాయనదీ రెండు ఫోన్లూ గూగుల్ లేకుండా నడుస్తుండాయి. చాలామంది ఎట్టా చేశావని అడుగుతున్నారు కాబట్టి ఒక్కచోట రాస్తున్నా.

అన్నిటికంటే ముందు ఒక మాట. వీడియో చూసి అదే రాత్రి ఉన్న ఒక్క ఫోన్‌నీ చెరిపేసి కొత్త ఓఎస్, అంటే ఫోన్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, ఎక్కించొద్దు. పొద్దున్నే పాల ప్యాకెట్ దగ్గర ఫోన్‌పే తెరుచుకోదు, బ్యాంక్ యాప్ రానీదు, రెండో రోజుకి విసుగొచ్చి మళ్ళీ పాతదానికే పోతారు. ముందు ఉన్న ఫోన్లోనే యాప్‌లు మార్చుకోవాల, ఒకటి రెండు నెలలు వాటికి అలవాటు పడాల, ఫోన్ సంగతి ఆ తర్వాత.

యాప్‌లకి ఎఫ్-డ్రాయిడ్ అని ఒక స్టోర్ ఉంది, 2010 నుంచి ఉంది, అందులో ఉండేవన్నీ ఓపెన్ సోర్స్ యాప్‌లే, అంటే లోపల ఏం రాశారో ఎవరైనా చూడొచ్చు. అకౌంట్ అడగదు, మెయిల్ ఐడీ అడగదు. వాళ్ళ సైట్ నుంచి దింపుకోవాల, ప్లే స్టోర్లో దొరకదు. దింపగానే మొదట మార్చాల్సింది కీబోర్డ్ అని నేను చెప్తా, చాలామంది దీన్ని చివరికి వదిలేస్తారు, కానీ మనం కొట్టే ప్రతి అక్షరం, పాస్‌వర్డ్‌తో సహా, కీబోర్డ్ గుండానే గదా పోయేది. హెలీబోర్డ్ పెట్టుకోండి, దానికి ఇంటర్నెట్ పర్మిషనే లేదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్నోళ్ళకి ఇండిక్ కీబోర్డ్ బాగుంటది. మాటలో చెప్తే టైప్ చేసేది మాత్రం ఇంత బాగా ఉండదు, నాకు అదొక్కటి నెల రోజులు లోటుగా అనిపించింది.

బ్రౌజర్‌కి ఫైర్‌ఫాక్స్, అందులో యాడ్స్ ఆపే యుబ్లాక్ ఆరిజిన్ తప్పకుండా వేసుకోండి. యూట్యూబ్ చూసేదానికి న్యూపైప్, లాగిన్ లేదు, యాడ్స్ లేవు, స్క్రీన్ ఆపినా పాట ఆగదు, నాయన పొద్దున సుప్రభాతం దీంట్లోనే పెట్టుకుంటాడు. అప్పుడప్పుడూ వీడియోలు ఆగిపోతాయి, అప్‌డేట్ చేస్తే సరిపోతది. పాస్‌వర్డ్‌లకి కీపాస్‌డీఎక్స్, పాటలకి వీఎల్‌సీ.

మ్యాప్‌కి ఆర్గానిక్ మ్యాప్స్. ఇది జనమే కలిసి తయారుచేసే ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ మీద నడుస్తది, మ్యాప్ ముందే దింపి పెట్టుకుంటే నెట్ లేకపోయినా దారి చూపిస్తది. పోయిన మాఘంలో పెంచలకోన పోయినప్పుడు రాపూరు దాటినాక అడవిలో సిగ్నల్ పోయింది, మా బావ ఫోన్లో మ్యాప్ తిరుగుతా ఉండిపోయింది, నాది మాత్రం కోన దాకా దారి చెప్పింది. లోటు కూడా చెప్పాల, మన పల్లెల్లో చిన్న చిన్న రోడ్లు, కొట్లు అందులో చాలా ఉండవు. కాకపోతే మనమే ఎక్కించొచ్చు, మా ఊరి రామాలయం, రేషన్ కొట్టు, చెరువు కట్ట మీద దారి నేనే పెట్టాను, సాయంత్రం నడకకి పోయినప్పుడు రోజుకొకటి.

వాట్సాప్ గురించి నిజం చెప్తా, నేను తీసెయ్యలేదు. స్కూల్ గ్రూప్ అందులోనే, చుట్టాలందరూ అందులోనే, 2025 జనవరి నుంచి మన రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో సర్టిఫికెట్ల దగ్గర్నుంచి వాట్సాప్‌లోనే ఇస్తా ఉంది. ఇంట్లో వాళ్ళం నలుగురం మాత్రం సిగ్నల్ అనే మెసేజ్ యాప్‌కి మారాము, వాట్సాప్‌కి కాంటాక్ట్స్, లొకేషన్ పర్మిషన్లు తీసేసి రోజుకి రెండుసార్లు చూస్తా. ఇంతకంటే గట్టిగా పట్టుబడితే మనుషులు దూరమైపోతారు, అది నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు డబ్బుల సంగతి, అందరూ ఆగిపోయేది ఇక్కడే. యూపీఐ యాప్‌లు, బ్యాంక్ యాప్‌లు ఫోన్ గూగుల్ పరీక్ష పాసయిందా లేదా చూస్తాయి, బూట్‌లోడర్ అంటే వేరే ఓఎస్ ఎక్కకుండా కంపెనీ వేసిన తాళం లాంటిది, అది తెరిచిన ఫోన్లో కొన్ని నడుస్తాయి, కొన్ని నడవవు, ఇయ్యాల నడిచింది రేపు ఆగొచ్చు. అందుకే పాత ఫోన్ ఒకటి డబ్బులకి మాత్రమే పెట్టుకోండి. అందులో బ్యాంక్ యాప్, యూపీఐ తప్ప ఇంకేం వద్దు. గుర్తుపెట్టుకోవాల్సింది ఏందంటే యూపీఐ మొదలుపెట్టేటప్పుడు బ్యాంకులో ఇచ్చిన నంబర్ సిమ్ ఆ ఫోన్లోనే ఉండాల, అందులోంచి ఎస్సెమ్మెస్ పోతది. రెండు ఫోన్లు వద్దనుకుంటే స్టార్ 99 హ్యాష్ (*99#) డయల్ చేసే పద్ధతి ఉంది, నెట్ అక్కర్లేదు, ఒకసారికి 5,000 దాకా పంపొచ్చు, కీప్యాడ్ ఫోన్లో కూడా పనిచేస్తది. కాస్త నిదానం, అంతే. నేను శనివారం ఏటీఎంలో వారానికి సరిపడా తీసుకుంటా, కూరగాయలు, పాలు, ఆటో అంతా నోట్లతోనే, ఎంత ఖర్చవుతుందో చేతికి తెలుస్తది.

రెండు నెలలు గడిచాక ఫోన్. ఏ ఫోన్‌కి పడితే ఆ ఫోన్‌కి ఎక్కదు. గూగుల్ వాళ్ళే చేసే పిక్సెల్ ఫోన్ ఉంటే గ్రాఫీన్ ఓఎస్ పెట్టుకోండి, బ్రౌజర్లోంచే ఇన్‌స్టాల్ అవుతది, అయినాక బూట్‌లోడర్ మళ్ళీ లాక్ చేసుకోవచ్చు, భద్రతలో దాన్ని మించింది నాకు కనపడలేదు. పిక్సెల్‌కి అంత డబ్బు పెట్టలేనోళ్ళకి లినేజ్ ఓఎస్, సయనోజెన్‌మాడ్ అనే పాత ఓఎస్ మూతబడినాక 2016 డిసెంబర్లో వచ్చింది. దీనికి షావోమీ, వన్‌ప్లస్, మోటరోలా పాత మోడళ్ళు చాలా పనికొస్తాయి. వాళ్ళ సైట్‌లో వికీ అని ఒక్కో మోడల్‌కి ఏం చేయాలో రాసిన పేజీలు ఉంటాయి, అందులో మీ మోడల్ పేరు ఉందో లేదో చూడండి, పేరులో ప్రో, ప్లస్ అని ఒక్క ముక్క తేడా ఉన్నా అది వేరే ఫోన్ కిందే లెక్క. సెకండ్ హ్యాండ్ కొనేదానికి పోతే ఆ మోడల్ పేరు కాగితం మీద రాసుకొని పోండి.

జియో సిమ్ వాడేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాల. జియోకి 2జీ, 3జీ లేవు, కాల్ అంతా వోల్టీ మీదే, అంటే 4జీ నెట్ మీదే పోతది, కొత్త ఓఎస్‌లో వోల్టీ రాకపోతే నెట్ వస్తది గానీ కాల్ పోదు. మీ మోడల్‌లో వోల్టీ పనిచేస్తుందో లేదో ముందే కనుక్కోండి.

ఎక్కించే ముందు ఫోటోలు, కాంటాక్ట్స్ వీసీఎఫ్ ఫైల్‌గా, వాట్సాప్ ఫోల్డర్ మొత్తం కంప్యూటర్లోకి తీసుకోండి. గూగుల్లో ఉన్నవి, గూగుల్ వాళ్ళదే టేకౌట్ అనే పేజీలో అడిగితే అన్నీ కట్టగట్టి ఇస్తది. బూట్‌లోడర్ తెరిస్తే ఫోన్లో ఉన్నదంతా చెరిగిపోతది, ఇది ఎవరికీ మినహాయింపు లేదు. తర్వాత సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అక్కడ ఓఈఎం అన్‌లాకింగ్, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, మిగతాది వికీలో మీ మోడల్‌కి రాసినట్టే ఒక్కో లైన్ చెయ్యండి. వేరే మోడల్ వీడియో చూసి చెయ్యొద్దు. కంపెనీతో వచ్చిన కేబులే వాడండి, ల్యాప్‌టాప్ ఫుల్ ఛార్జ్ ఉండాల, ఎండాకాలంలో మన కరెంటు సంగతి తెలిసిందే గదా.

నాయన ఫోన్‌కి ఎక్కించేటప్పుడు ల్యాప్‌టాప్ మీద అంకె 47 శాతం దగ్గర ఆగింది. అర నిమిషం, నిమిషం, కదల్లేదు, తర్వాత ఫెయిల్డ్ అని ఒక లైన్ వచ్చింది, దాని చివర సక్సెస్ అని ఉంది. నాయన పక్కనే కుర్చీలో కూర్చొని నా మొహమే చూస్తున్నాడు, నాకు చేతులు చల్లబడ్డాయి. కేబుల్ మాత్రం పీకలేదు. వికీలో చూస్తే 47 దగ్గర ఆగడం మామూలేనని, ఎక్కేసినట్టేనని రాసుంది. రీబూట్ కొట్టినాక మొదటిసారి తెరుచుకునేదానికి చాలాసేపు పట్టింది, తెరుచుకుంది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసి మూడేళ్ళయిన ఫోన్ అది, బీరువాలో పడుండింది, ఇప్పుడు నాయన దాంట్లోనే పేపర్ చదువుతుండాడు.

అలవాట్లు మారకపోతే మాత్రం కొత్త ఓఎస్‌లో కూడా అదే పని, రాత్రి పన్నెండు దాకా స్క్రోలింగే. కాల్స్, ఎస్సెమ్మెస్ తప్ప అన్ని నోటిఫికేషన్లూ ఆపండి. ఛార్జర్ పడకగదిలోంచి తీసి హాల్లో పెట్టండి, పొద్దున లేచేదానికి రెండొందల అలారం గడియారం చాలు. తిథి, పెళ్ళి ముహూర్తం, గ్యాస్ సిలిండర్ ఎప్పుడొచ్చింది ఇవన్నీ గోడ మీద క్యాలెండర్ చూసుకుంటది, మేము మళ్ళీ దాని మీదే పెన్నుతో రాస్తున్నాం. ముఖ్యమైన పది నంబర్లు కాగితం మీద రాసి ఫ్రిడ్జ్ పక్కన అంటించండి, ఫోన్ చెరిపే రోజు అదే ఆదుకుంటది.

పాత ఫోన్ డబ్బులకి పెట్టుకోకపోయినా వెంటనే అమ్మొద్దు, నెల రోజులు ఛార్జ్ పెట్టి ఉంచుకోండి. ఏ ఓటీపీ దానికే పోతుందో, ఏ యాప్‌కి దాంతోనే పని పడుతుందో ఆ నెలలోనే బయటపడతది, అన్నీ అయిపోయాక టైమ్‌లైన్, సెర్చ్ హిస్టరీ చెరిపేసి, గూగుల్ అకౌంట్‌లోంచి సైనవుట్ చేసి అప్పుడు ఇవ్వండి.