పద్య నాటకం లైవ్: గొంతు పగిలినా, బొమ్మ ఆగినా

తిరునాళ్లలో నాటకానికి తెర లేచేసరికి రాత్రి పది దాటుతుంది. అప్పుడు కువైట్‌లో ఏడున్నర. పని నుంచి వచ్చి, అన్నం వండుకుంటూ, ఫోన్ పక్కన పెట్టుకుని మన పద్యం వినేవాళ్లు అక్కడ ఉన్నారు. కావలి, కందుకూరు, సింగరాయకొండ చుట్టుపక్కల నాటకాలు యూట్యూబ్‌లో లైవ్ ఇస్తూ నేను గమనించింది ఒకటుంది. బొమ్మ కాస్త మసకగా ఉన్నా వాళ్లు సర్దుకుంటారు. పద్యం చివర రాగం తెగితే మాత్రం ఓర్చుకోలేరు. అందుకే ముందు సౌండ్ సంగతి.

రాగం పైకి పోగానే గొంతు బరబరమంటోంది

మాటలు బాగానే వినిపిస్తాయి. నటుడు పద్యం ఎత్తుకుని పై షడ్జం మీద నిలబడగానే చిరిగిన స్పీకర్‌లా వస్తుంది. ఎక్కువసార్లు కారణం ఇదే: మైకుసెట్ మిక్సర్ నుంచి వచ్చే వైరును నేరుగా ఫోన్‌కు ఇయర్‌ఫోన్ పెట్టే చోట గుచ్చేస్తాం. అక్కడ ఫోన్ మైకు ఇచ్చే చిన్న సిగ్నల్‌ కోసం, అంటే కొన్ని మిల్లీవోల్టుల కోసం చూస్తుంది. మిక్సర్ లైన్ అవుట్ ఇచ్చేది ఇంచుమించు ఒక వోల్టు. లోపలికి పోయేటప్పుడే సిగ్నల్ పైభాగం తెగిపోతుంది. ఆ తర్వాత యాప్‌లో వాల్యూమ్ ఎంత తగ్గించినా తెగిన రాగం తిరిగి రాదు.

మధ్యలో లైన్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మిక్సర్ సౌండ్‌ను ఫోన్‌కో ల్యాప్‌టాప్‌కో అందించే చిన్న పెట్టె) పెట్టండి. లెవెల్ పెట్టేది మామూలు మాట మీద కాదు. మేకప్‌కు కూర్చోకముందే నటుణ్ని స్టేజీ మీదికి పిలిచి, "అన్నా, నీ పెద్ద రాగం ఒక్కసారి తియ్యి" అని అడగండి. ఆ రాగానికి మీటర్ మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడాలి. రాత్రి జనం ముందు గొంతు ఇంకా లేస్తుంది, అందుకే ఆ ఖాళీ.

ఇంకో ముఖ్యమైన విషయం. సిగ్నల్ మైదానం స్పీకర్లకు పోయే మెయిన్ అవుట్ నుంచి తీసుకోవద్దు. కందుకూరు దగ్గర ఒక పల్లెలో నేను అలాగే తీసుకున్నాను. జనం పెరిగి గోల ఎక్కువయ్యేసరికి మైకుసెట్ అబ్బాయి తన పనిగా మెయిన్ ఫేడర్ (మొత్తం సౌండ్‌ను పెంచే జారుడు మీట) పైకి జరిపాడు. మైదానంలో బ్రహ్మాండంగా ఉంది. లైవ్‌లో మాత్రం చదివింపులు చెప్పే గొంతు నుంచి కాటి సీను వరకు అంతా పగిలిపోయింది. నాకు తెలిసేసరికి నలభై నిమిషాలు గడిచాయి. ఇప్పుడు ఆక్స్ అవుట్ (మిక్సర్‌లో విడిగా ఉండే ఇంకో అవుట్) అడుగుతాను, అదీ ప్రీ-ఫేడర్‌లో, అంటే ఫేడర్ల కంటే ముందే సిగ్నల్ తీసుకునేలా. అతను మెయిన్ ఎంత జరిపినా మన లెవెల్ కదలదు.

పద్యం ఆగగానే జనం గోల మీదికొస్తోంది

ఫోన్ సొంత మైకుతో లైవ్ ఇస్తే ఇలా అవుతుంది. చప్పుడు తగ్గితే ఫోన్ తనంతట తానే గెయిన్ (మైకు సౌండ్‌ను అందుకునే స్థాయి) పెంచుతుంది, గొంతు లేవగానే దించుతుంది. హార్మోనియం శ్రుతి కూడా ఊగుతున్నట్టు ఉంటుంది. గెయిన్‌ను చేత్తో పెట్టుకోనిచ్చే యాప్ వాడండి, సౌండ్ మిక్సర్ నుంచే తీసుకోండి.

గుయ్‌మని ఆగని మోత

ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. మోత ఆగితే అది గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల ఎర్త్‌లు ఆడియో వైరు ద్వారా కలిసి మన కరెంటు 50 హెర్ట్జ్ సౌండ్‌లోకి దిగుతోంది. ల్యాప్‌టాప్, మిక్సర్ రెండింటికీ ఒకే ప్లగ్ బోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. అప్పటికీ ఉంటే ఆడియో వైరులో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి. మోత పోతుందని ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టొద్దు. తడి నేల మీద, జనరేటర్ పక్కన, చెప్పుల్లేకుండా నటులు మైకు పట్టుకుంటారు. ప్రాణాల మీదికొస్తుంది.

బొమ్మ ఆగి ఆగి వస్తోంది

ఒక్కరే చెబితే ఇబ్బంది వాళ్ల నెట్‌లో ఉండొచ్చు. ఒకేసారి పదిమంది చెబితే మన దగ్గరే. ఓబీఎస్‌లో (ల్యాప్‌టాప్ నుంచి లైవ్ ఇచ్చే సాఫ్ట్‌వేర్) కింద డ్రాప్డ్ ఫ్రేమ్స్, అంటే పంపలేక వదిలేసిన ఫ్రేములు, పెరుగుతుంటే నెట్ చాలడం లేదని అర్థం. ఎన్‌కోడింగ్ ఓవర్‌లోడ్ అని వస్తే ల్యాప్‌టాప్ అలిసిపోయిందని. రెండింటికీ మందు వేరు.

సాయంత్రం ఐదింటికి ఖాళీ మైదానంలో చేసిన స్పీడ్ టెస్టును నమ్మొద్దు. రాత్రికి వేల ఫోన్లు అదే టవర్ మీద పడతాయి. చూడాల్సింది డౌన్‌లోడ్ కాదు, అప్‌లోడ్. వచ్చిన అప్‌లోడ్‌లో సగానికి మించి బిట్‌రేట్ (సెకనుకు పంపే డేటా) పెట్టొద్దు. 720పీ, 30 ఫ్రేములకు 2500 కేబీపీఎస్ పెడితే నాటకం చక్కగా కనిపిస్తుంది. కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ మళ్లీ పంపే వ్యవధి) 2 సెకన్లు, ఆడియో 128 కేబీపీఎస్. ఇంకా ఇబ్బందైతే బొమ్మ తగ్గించండి, ఆడియో ముట్టుకోవద్దు. ఓబీఎస్‌లో డైనమిక్ బిట్‌రేట్ ఆన్ చేస్తే ఆ తగ్గింపు అదే చూసుకుంటుంది.

అన్నిటికంటే మేలు, పందిరి పక్కింట్లో ఫైబర్ ఉంటే అడిగి లాన్ కేబుల్ లాగడం. నేను అడిగిన ఏ ఇంటివాళ్లూ కాదనలేదు. లేకపోతే వేర్వేరు కంపెనీల సిమ్‌లు రెండు దగ్గరుంచుకోండి. యూట్యూబ్‌లో ఆటో-స్టాప్ ఆఫ్ చేసి పెట్టండి. నెట్ కాసేపు పోయి వచ్చినా అదే లింకులో లైవ్ కొనసాగుతుంది.

పెదాలకూ పద్యానికీ పొంతన లేదు

కెమెరా బొమ్మ క్యాప్చర్ కార్డు (దాన్ని ల్యాప్‌టాప్‌లోకి తెచ్చే పరికరం) దాటి ఆలస్యంగా వస్తుంది, మిక్సర్ సౌండ్ ముందే చేరుతుంది. కెమెరా ముందు చప్పట్లు కొట్టి రికార్డ్ చేసి తేడా చూడండి. ఓబీఎస్ ఆడియో సెట్టింగుల్లో సింక్ ఆఫ్‌సెట్‌కు అన్ని మిల్లీసెకన్లు ఇవ్వండి. మొదట సరిగ్గా ఉండి గంట గడిచేకొద్దీ తేడా పెరుగుతుంటే శాంపిల్ రేటు (సెకనుకు సౌండ్‌ను ఎన్నిసార్లు కొలుస్తుందో) చూడండి. ఒకచోట 44.1, ఇంకోచోట 48 కిలోహెర్ట్జ్ ఉంటే రెండూ 48 చేయండి.

చిన్నా చితకా

కిరీటం మెరిసినప్పుడల్లా మొహం నల్లబడితే ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. లైట్లు మిణుకుమంటుంటే షట్టర్ 1/50కి తెండి. ఫోన్‌తో ఇచ్చేవాళ్లు ఫోన్‌ను ఫ్యాన్ ముందు పెట్టండి, కాల్స్ రాకుండా చూసుకోండి. తెర లేవకముందు మైకుసెట్‌లో సినిమా పాటలు మోగుతుంటాయి. అవి లైవ్‌లోకి వస్తే కాపీరైట్ హెచ్చరిక రావచ్చు, లైవ్ ఆగిపోవచ్చు. ప్రార్థన మొదలయ్యేదాకా ఆడియో మ్యూట్‌లో ఉంచండి. కొత్త ఛానెల్ అయితే లైవ్ అనుమతికి 24 గంటలు పట్టొచ్చు, మొబైల్ నుంచి ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. తిరునాళ్ల రోజున మొదలుపెడితే అందదు.

ఇవన్నీ చూసుకున్నా నెట్ పూర్తిగా పోయే రాత్రి ఒకటి వస్తుంది. అందుకే ఓబీఎస్‌లో స్ట్రీమ్‌తో పాటు రికార్డింగ్ కూడా నొక్కి పెడతాను. తెల్లారి ఇంటికొచ్చి ఆ ఫైలు ఎక్కిస్తే, మరుసటి రోజు పని ముగించుకుని వచ్చినవాళ్లు అన్నం వండుకుంటూ వింటారు.