కొత్త అక్వేరియం చూడ్డానికి బయల్దేరే ముందు ఇవి చూస్కోండి

ఓపెన్ అయిన మొదటి రెండు మూడు వారాలు ఊరంతా అక్కడే ఉంటది, అందుకే వీలైతే వారం మధ్యలో పొద్దున్న స్లాటే బుక్ చేస్కోండి, వీక్లీ హాలిడే ఏ రోజో కూడా ఓసారి చూడండి, గేటు దాకా పోయి తాళం చూసి రావడం అంత దండగ ఇంకోటి లేదు.

టికెట్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇది మాత్రం మర్చిపోవద్దు. జనం ఎక్కువుంటే ఒకే టవర్ మీద వేల ఫోన్లు పడి నెట్ చచ్చిపోతది, మేం గేటు దగ్గర ఆ గుండ్రంగా తిరిగేదాన్ని చూస్తూ పావుగంట నిలబడ్డాం, వెనక లైన్లో వాళ్ల చూపులు ఇంకా గుర్తున్నయ్.

పిల్లల జేబులో మీ నంబర్ రాసిన చీటీ పెట్టండి, లోపల లైట్లు తక్కువ కాబట్టి ముదురు రంగు బట్టలు వద్దు, అస్సలు కనపడరు. పార్కింగ్‌లో పిల్లర్ నంబర్ ఫోటో తీస్కోండి.

ఫోటోలకి ఫ్లాష్ ఆపేయండి, చేపలు బెదురుతయ్ పైగా అద్దంలో మీ ఫ్లాషే తెల్లటి మచ్చలా పడుద్ది. ఫోన్ లెన్స్‌ని అద్దానికి దాదాపు ఆనించి తీస్తే రిఫ్లెక్షన్ పోద్ది. టన్నెల్‌లో వంపు తిరిగిన అద్దం వల్ల చేపలు ఉన్నదానికన్నా చిన్నగా కనపడతయ్, కొందరికి కళ్లు తిరిగినట్టు కూడా ఉంటది, పెద్దవాళ్లుంటే చెయ్యి పట్టుకోండి. అద్దం మీద కొట్టొద్దని పిల్లలకి ఇంట్లోనే చెప్పండి, అక్కడికెళ్లాక ఎవరూ వినరు!