కెర్నెల్ అప్‌డేట్‌కి ముందు బోర్డు కాగితాలు సరిచూసుకోండి

ల్యాప్‌టాప్‌లో కెర్నెల్, అంటే లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్, అప్‌డేట్ పెట్టేసి టీకి వెళ్లిపోవచ్చు. తిరిగొచ్చేసరికి సాధారణంగా అంతా బాగానే ఉంటుంది. ఊరవతల పంప్‌హౌస్‌లోనో గోడౌన్‌లోనో బిగించి వచ్చిన చిన్న ఆర్మ్ బోర్డు విషయం అలా కాదు. దానికి అదే పని చేసేముందు ఒక పూట పక్కన పెట్టుకోండి. అప్‌డేట్ అయ్యాక బోర్డు బూట్ అవుతుంది కానీ నెట్‌వర్క్ రాదు, లేదా నిన్నటిదాకా పలికిన సెన్సార్ ఇవాళ పలకదు. చిప్ బాగుంటుంది, కెర్నెల్ బాగుంటుంది. తేడా ఆ రెండింటి మధ్య ఉన్న కాగితంలో, అంటే బోర్డు మీద ఏమేం ఉన్నాయో కెర్నెల్‌కి చెప్పే డివైస్ ట్రీ అనే ఫైల్‌లో ఉంటుంది.

యూఎస్‌బీ, పీసీఐ పరికరాలకు ఈ బాధ లేదు. అడిగితే అవే తమ కంపెనీ నంబరు, మోడల్ నంబరు చెప్పేస్తాయి. ఇంటెల్ పీసీఐ నంబరు 8086 అని చాలామందికి నోటికొచ్చు. బోర్డు మీద చిప్‌లను కలిపే ఐటూసీ, ఎస్‌పీఐ అనే తీగల మీద ఉండే చిప్‌లు మాత్రం తమ పేరు చెప్పవు. ఐటూసీ బస్‌ని స్కాన్ చేస్తే హెక్స్‌లో 68 అనే చోట ఏదో ఉందని తెలుస్తుంది, అంతే. అది టైమ్ చూపే డీఎస్3231 కావచ్చు, కదలికలు కొలిచే ఎంపీయూ6050 కావచ్చు. రెండింటి అడ్రసూ 68. అందుకే అక్కడ ఏముందో కెర్నెల్‌కి ముందే రాసివ్వాలి. పీసీల్లో ఆ పని, ఆన్ చేయగానే మొదట నడిచే బయోస్ ఇచ్చే ఏసీపీఐ పట్టికలు చేస్తాయి. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996లో తెచ్చిన పద్ధతి అది. ఆర్మ్ బోర్డుల్లో ఆ పని డివైస్ ట్రీది. సన్ కంపెనీ వర్క్‌స్టేషన్ల కాలంలో ఓపెన్ ఫర్మ్‌వేర్‌తో పుట్టిన ఆలోచన ఇది. ఆర్మ్ లైనక్స్‌లో అంతకుముందు ఒక్కో బోర్డుకీ కెర్నెల్‌లోనే సీ భాషలో రాసిన ఒక ఫైల్ ఉండేది. ఆ గందరగోళం మీద లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2011లో బహిరంగంగానే విసుక్కున్నారు. ఆ తర్వాతే ఇక్కడ డివైస్ ట్రీకి మారడం ఊపందుకుంది.

ఆ ట్రీలో ప్రతి పరికరానికీ కంపాటిబుల్ అనే ఒక వరుస ఉంటుంది. ముందు కంపెనీ పేరు, కామా, తర్వాత చిప్ పేరు. పరికరాన్ని నడిపే కోడ్‌ని డ్రైవర్ అంటారు, ప్రతి డ్రైవర్ దగ్గరా తనకు తెలిసిన పేర్ల జాబితా ఉంటుంది. రెండు పేర్లూ కలిస్తేనే డ్రైవర్ లేస్తుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎవరూ పొలం గట్టుమీదికొచ్చి చూడరు కదా, కాగితంలో ఏ సర్వే నంబరుంటే అదే పొలం. ఇదీ అంతే. అసలు టెన్షన్ ఏమిటంటే, పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా ఎర్రర్ ఏమీ రాదు. తనకు సంబంధించిన పరికరం ఏదీ లేదనుకుని డ్రైవర్ ఊరుకుంటుంది. మీరు మాత్రం వైర్లు ఊడదీసి మళ్లీ పెడుతూ రాత్రంతా గడుపుతారు.

కాబట్టి అప్‌డేట్‌కి ముందు చేయాల్సిన మొదటి పని, ఇప్పుడు పనిచేస్తున్న ట్రీకి నకలు తీసుకోవడం. డిస్క్ మీదున్న డీటీబీ ఫైల్‌ని, అంటే కంపైల్ చేసిన డివైస్ ట్రీని, కాపీ చేస్తే చాలదు. కెర్నెల్‌ని లోడ్ చేసే బూట్‌లోడర్ దానికి మెమరీ సైజు, నెట్‌వర్క్ అడ్రసు, ఓవర్‌లేలు అనే అదనపు ట్రీ ముక్కలు కలిపి కెర్నెల్‌కి ఇస్తుంది. కెర్నెల్ చేతికి నిజంగా అందింది సిస్ డైరెక్టరీలో, ఫర్మ్‌వేర్ కింద డివైస్‌ట్రీ ఫోల్డర్‌లో కనపడుతుంది. డీటీసీ అనే కంపైలర్‌తో దాన్ని మామూలు టెక్స్ట్‌గా మార్చి, తేదీ వేసి, మీ ల్యాప్‌టాప్‌లో దాచుకోండి. అప్‌డేట్ తర్వాత మరోటి తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇలా తీసిన టెక్స్ట్‌లో, ఒక పరికరం ఇంకోదాన్ని పేరుతో చూపే లేబుళ్లు పోయి నంబర్లు మాత్రమే మిగులుతాయి. కాబట్టి పోల్చడానికి పనికొస్తుంది, ఎడిట్ చేయడానికి కాదు.

కెర్నెల్‌నీ దాని డీటీబీనీ జంటగా కాపాడుకోండి. పాత ట్రీతో కొత్త కెర్నెల్ పనిచేయాలన్నది లైనక్స్ వాళ్ల నియమమే. ఆచరణలో ఎక్కడ బెసుకుతుందో నాకు ఒకసారి బాగా తెలిసొచ్చింది. అప్‌డేట్ తర్వాత ఒక బోర్డులో ఈథర్‌నెట్ లింక్ లైటు వెలుగుతోంది కానీ ఒక్క ప్యాకెట్ కూడా రావడం లేదు. ఆర్‌జీఎంఐఐ అనే ఆ కనెక్షన్‌లో క్లాక్ సిగ్నల్‌ని రెండు నానోసెకన్ల మేర ఎవరో ఒకరు ఆలస్యం చేయాలి. ఆ ఆలస్యం ఈథర్‌నెట్ చిప్ చేయక్కర్లేదని ట్రీలో తప్పుగా రాసి ఉంది. పాత డ్రైవర్ ఆ మాట పట్టించుకోలేదు, చిప్ తన అలవాటు ప్రకారం ఆలస్యం చేసుకుపోయింది. కొత్త డ్రైవర్ బుద్ధిమంతురాలు, రాసినట్టే చేసి ఆలస్యాన్ని ఆపేసింది. బయటపడింది పాత తప్పు, తిట్లు తిన్నది కొత్త కెర్నెల్. ఇలా దెబ్బతిన్న బోర్డు అదొక్కటే కాదు.

నెట్‌వర్కే పోయినప్పుడు రిమోట్ లాగిన్‌తో పని జరగదు. అందుకే బోర్డు పిన్నులకు నేరుగా తగిలించి దాని సందేశాలు చూసే సీరియల్ కేబుల్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. 3.3 వోల్టుల యూఎస్‌బీ టీటీఎల్ కేబుల్ తీసుకోండి. కలపాల్సినవి మూడు వైర్లు, పంపేది, అందుకునేది, గ్రౌండ్. ఎర్ర వైరులో ఐదు వోల్టులు ఉంటాయి, దాన్ని గాల్లో వదిలేయండి. పాత కంప్యూటర్ల వెనకుండే ఆర్ఎస్232 పోర్టుని నేరుగా బోర్డు పిన్నులకు కలిపితే బోర్డు పోతుంది.

ఇంకో బోర్డు డీటీబీని ఎప్పుడూ అరువు తెచ్చుకోవద్దు. ప్రాసెసర్ ఒకటే కదా, బూట్ అయితే చాలు కదా అనిపిస్తుంది. కానీ చిప్‌లకు కరెంటు అందించే ఏ రెగ్యులేటర్ ఎన్ని మైక్రోవోల్టులు ఇవ్వాలో కూడా రాసి ఉండేది ఆ ట్రీలోనే. 1.8 వోల్టులు అందాల్సిన చిప్‌కి 3.3 వోల్టులు అందితే దాన్ని ఏ రీఇన్‌స్టాలూ బతికించలేదు. మిగతా తప్పుల్ని దిద్దుకోవచ్చు, దీన్ని దిద్దుకోలేం.

రాస్ప్‌బెర్రీ పై వాడేవాళ్లకు రెండు మూడు మాటలు. 2023లో వచ్చిన బుక్‌వర్మ్ అనే ఓఎస్ వెర్షన్ నుంచి కాన్ఫిగ్ ఫైల్ బూట్ ఫోల్డర్ లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లోకి మారింది. పాత చోట మార్పులు రాసి లాభం లేదు. ఆ ఫైల్‌లో చదరపు బ్రాకెట్లలో పై4 లాంటి మోడల్ పేరు కనపడితే, దాని కింద రాసినవి ఆ మోడల్‌కే వర్తిస్తాయి. మీ ఓవర్‌లే వరుస పొరపాటున అక్కడ పడిందేమో చూడండి. ఓవర్‌లే పేరు తప్పయినా బోర్డు నిశ్శబ్దంగా బూట్ అయిపోతుంది. ఫిర్యాదు వీసీలాగ్ అనే కమాండ్ చూపే సందేశాల్లో మాత్రమే ఉంటుంది. 27, 28 పిన్నులు హ్యాట్ అనే అదనపు బోర్డులు తమ వివరాలు చెప్పుకోవడానికి కేటాయించినవి, వాటికి సెన్సార్లు తగిలించకండి.

పీసీ వాళ్లకి ఒక్క జాగ్రత్త. ఏసీపీఐ పట్టికలోని తప్పు దిద్దడానికి వాటిలో ప్రధానమైన డీఎస్‌డీటీ పట్టికను మీరు సొంతంగా మార్చి లోడ్ చేసుకుంటూ ఉంటే, బయోస్ అప్‌డేట్‌కి ముందు దాన్ని తీసేయండి. కొత్త బయోస్ మీద పాత పట్టిక కూర్చుంటే బ్యాటరీ, ఫ్యాన్లు ఏం చేస్తాయో చెప్పలేం.

అప్‌డేట్ అయ్యాక పేర్లు కలిశాయి, అయినా పరికరం లేవలేదంటే, అది కరెంటు ఇచ్చే రెగ్యులేటర్ కోసమో క్లాక్ కోసమో ఎదురుచూస్తూ ఉండవచ్చు. కెర్నెల్ డీబగ్ ఫోల్డర్‌లో డివైసెస్ డిఫర్డ్ అనే ఫైల్ ఉంటుంది, రూట్‌గా తెరిచి చూడండి. ఎవరు ఆగిపోయారో తెలుస్తుంది, చాలాసార్లు ఎందుకో కూడా రాసి ఉంటుంది. ఐటూసీ స్కాన్‌లో 68 బదులు యూయూ కనపడితే సంతోషించండి, ఆ చిప్‌ని ఒక డ్రైవర్ పట్టుకుందని అర్థం.

అన్నీ బాగున్నాయనిపించినా వెంటనే సామాను సర్దేయకండి. రీబూట్ చేసి చూశామంటే సరిపోదు. పాత కెర్నెల్ చిప్‌లలో పెట్టిన సెట్టింగులు రీబూట్ తర్వాత కూడా మిగిలిపోవచ్చు, వాటి మీదే కొత్త కెర్నెల్ నెట్టుకొస్తూ ఉండవచ్చు. మామూలుగా షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, అరనిమిషం ఆగి మళ్లీ పెట్టండి. నెట్‌వర్క్ వచ్చి, సెన్సార్ అంకెలు కదిలాక గది తాళం వేయండి.