పాత కంప్యూటర్‌లో ‘ఎన్‌టీఎల్‌డీఆర్ ఈజ్ మిస్సింగ్’ అని వస్తే ఏం చేయాలి?

మా బాబాయి డీటీపీ షాపులో ఇప్పటికీ ఒక విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ నడుస్తోంది. పేజ్‌మేకర్ 7, అను ఫాంట్లు, పదిహేనేళ్ల శుభలేఖల మ్యాటర్ అంతా అందులోనే. మాఘమాసంలో ఓ పొద్దున్నే ఫోన్ చేశాడు.

“ఒరేయ్, నల్ల స్క్రీన్ మీద ఏదో మిస్సింగ్ అంటోందిరా. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కమంటోంది. నొక్కితే మళ్లీ అదే. పక్క షాపతనేమో ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నాడు.”

“ముందు క్యాబినెట్‌కి ఏమైనా గుచ్చి ఉందేమో చూడు బాబాయ్” అన్నాను. పార్టీ ఎవరో రాత్రి ఇచ్చి వెళ్లిన పెన్‌డ్రైవ్ అలాగే ఉంది. అది పీకేసి ఆన్ చేస్తే విండోస్ వచ్చేసింది.

అసలు జరిగేదేమిటంటే, ఎన్‌టీఎల్‌డీఆర్ అనేది సి డ్రైవ్‌లో ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా బయటే దాగి ఉండే చిన్న ఫైలు. పవర్ ఆన్ చేయగానే బయోస్ (విండోస్ కంటే ముందే లేచే, మదర్‌బోర్డులో ఉండే ప్రోగ్రామ్) ఒక డ్రైవ్‌ని ఎంచుకుంటుంది. ఆ డ్రైవ్ మొదట్లో ఉండే బూట్ సెక్టార్ ఈ ఫైలును వెతికి లేపుతుంది. ఈ ఫైలు విండోస్‌ని లేపుతుంది. ఎక్స్‌పీలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో కూడా అలాంటి బూట్ సెక్టారే ఉంటుంది. బయోస్ పొరపాటున అక్కడికి వెళ్తే అందులో ఈ ఫైలు ఎందుకుంటుంది? మిస్సింగ్ అంటుంది. ఈ మెసేజ్ చూడగానే ఫైలు పోయిందని టెన్షన్ పడకండి. ముందు కంప్యూటర్ సరైన చోటే వెతుకుతోందా అన్నది చూడాలి.

విప్పకుండా చూడాల్సినవి

పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, ఫ్లాపీ, డ్రైవ్‌లో మర్చిపోయిన సీడీ, ఏదున్నా తీసేసి మళ్లీ ఆన్ చేయండి.

అయినా అదే వస్తే బయోస్‌లోకి వెళ్లండి. ఆన్ చేసిన వెంటనే డిలీట్ మీటగానీ ఎఫ్2గానీ టకటకా నొక్కితే చాలా కంప్యూటర్లలో వస్తుంది. అందులో బూట్ అనే పేజీలో హార్డ్ డిస్క్ మొదట ఉండాలి. రెండు డిస్కులుంటే విండోస్ ఉన్నదే ముందుండాలి. పనిలో పనిగా తేదీ చూడండి. 2002 అనో ఇంకేదో పాత సంవత్సరం చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది బ్యాటరీ అయిపోయినట్టే. అది పోతే బయోస్ సెట్టింగులన్నీ మొదటికొస్తాయి, బూట్ వరుస కూడా మారిపోవచ్చు. రూపాయి బిళ్లంత ఉండే ఆ సెల్ పేరు సీఆర్2032, వాచీల షాపులో కూడా దొరుకుతుంది. బాబాయి కంప్యూటర్‌కి రెండోసారి వచ్చిన జబ్బు ఇదే.

విప్పి చూడాల్సినవి

బయోస్‌లో హార్డ్ డిస్క్ పేరే కనబడకపోతే కరెంటు ప్లగ్ పూర్తిగా పీకి, క్యాబినెట్ తెరవండి. డిస్క్‌కి వెళ్లే రెండు కేబుళ్లను ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టండి. పాత ఐడీఈ పట్టీ కేబుల్ ఒక మూల లేచి ఉన్నా చాలు, డిస్క్ కనబడదు. మన దగ్గర కంప్యూటర్‌కి ఏ జబ్బు చేసినా ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దడం అలవాటు. డిస్‌ప్లే రానప్పుడు అది పనిచేస్తుందేమో గానీ, స్క్రీన్ మీద ఇంత స్పష్టంగా మెసేజ్ కనబడుతున్నప్పుడు దాని జోలికి పోనవసరం లేదు.

డిస్క్ లోంచి టిక్కు టిక్కుమని ఆగి ఆగి చప్పుడు వస్తుంటే మాత్రం వెంటనే ఆపేయండి. అది ఫైలు సమస్య కాదు, డిస్కే పోతోంది. దాన్ని తీసి, యూఎస్‌బీ కన్వర్టర్‌తో ఇంకో కంప్యూటర్‌కి తగిలించి, ముందు మీ డేటా కాపీ చేసుకోండి. రిపేర్ సంగతి తర్వాత.

ఫైలు నిజంగానే పోతే

మూడోసారి బాబాయి దగ్గర నిజంగానే పోయింది. షాపులో కుర్రాడు సి డ్రైవ్‌లో ఖాళీ కోసం, దాచిన ఫైళ్లు కూడా బయటికి తెచ్చి, “ఇవేవో మనవి కావు” అనుకున్నవన్నీ డిలీట్ చేశాడు. ఇలాంటప్పుడు ఎక్స్‌పీ సీడీ కావాలి. ఎవరిదగ్గర తెచ్చుకున్నా ఫరవాలేదు, ఈ పనికి ప్రోడక్ట్ కీ అడగదు. నెట్‌లో విడిగా దొరికే సిస్టమ్ ఫైళ్లు దించుకోకండి, వైరస్ రావచ్చు.

బయోస్‌లో సీడీని ముందు పెట్టి, సీడీ వేసి ఆన్ చేయండి. ఏదైనా మీట నొక్కమన్నప్పుడు నొక్కండి. నీలం స్క్రీన్ మీద ఫైళ్లు లోడ్ కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. తర్వాత మూడు దారులు చూపిస్తుంది. ఇక్కడే జాగ్రత్త. ఎంటర్ నొక్కితే కొత్తగా విండోస్ వేసే దారిలోకి వెళ్తారు. మనకు కావలసింది ఆర్ అక్షరం, అంటే రికవరీ కన్సోల్, కమాండ్లు టైపు చేసి విండోస్‌ని బాగుచేసే స్క్రీన్. (మధ్యలో చివర 7బీ అన్న నంబరుతో నీలి తెర వచ్చి ఆగిపోతే, బయోస్‌లో సాటా మోడ్ అనే హార్డ్ డిస్క్ సెట్టింగుని ఐడీఈకి మార్చి మళ్లీ ప్రయత్నించండి.)

ఏ విండోస్ అని అడిగితే 1 కొట్టి ఎంటర్. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఎప్పుడూ పెట్టి ఉండకపోతే ఉత్త ఎంటర్ చాలు. ఇక్కడి నుంచి బాబాయికి ఫోన్లో చెప్పినట్టే చెబుతాను.

ముందు మ్యాప్ అని ఇంగ్లీషులో కొట్టండి, ఎం, ఏ, పి. డ్రైవ్‌ల జాబితా వస్తుంది. సీడీరామ్ అని ఉన్న వరుసలో ఏ అక్షరం ఉందో చూసుకోండి. అది డి అనుకుందాం.

ఇప్పుడు కాపీ, స్పేస్, డి, కోలన్, బ్యాక్‌స్లాష్, ఐ386, బ్యాక్‌స్లాష్, ఎన్‌టీఎల్‌డీఆర్, స్పేస్, సి, కోలన్, బ్యాక్‌స్లాష్. ఎంటర్. బ్యాక్‌స్లాష్ అంటే ఎడమ వైపుకు వాలిన గీత, ఎంటర్ మీట దగ్గర ఉంటుంది. పాత ఫైలు మీద రాయమంటావా అని అడిగిందంటే ఫైలు అక్కడే ఉందన్నమాట. వై కొట్టి ముందుకు వెళ్లండి, అది పాడై ఉండవచ్చు.

మళ్లీ అదే వరుస కొట్టి, ఎన్‌టీఎల్‌డీఆర్ బదులు ఎన్‌టీడిటెక్ట్, చుక్క, కామ్ అని పెట్టండి. ఎన్, టి పక్కనే ఖాళీ లేకుండా డిటెక్ట్ స్పెల్లింగు రావాలి. ఈ రెండు ఫైళ్లూ జంట, ఒకటి పోతే రెండోది కూడా పోయి ఉండే అవకాశం ఎక్కువ.

ఆ తర్వాత ఫిక్స్‌బూట్, ఒకే మాటగా. ఇది బూట్ సెక్టార్‌ని మళ్లీ రాస్తుంది. అడిగితే వై. చివరగా ఎగ్జిట్ కొట్టి, సీడీ తీసేయండి.

అప్పటికీ అదే మెసేజ్ వస్తే మళ్లీ కన్సోల్‌లోకి వెళ్లి ఫిక్స్‌ఎంబీఆర్ ప్రయత్నించవచ్చు. కానీ అదే డిస్క్‌లో లైనక్స్ కూడా ఉంటే దీన్ని కొట్టకండి, లైనక్స్ బూట్ మెనూ పోతుంది.

మెసేజ్ మారి హెచ్ఏఎల్ డాట్ డీఎల్ఎల్ లేదని వస్తే, ఈసారి ఎక్కువగా తప్పు, విండోస్ ఎక్కడుందో రాసి ఉండే బూట్ డాట్ ఐఎన్‌ఐ ఫైలుది. మా కుర్రాడు దాన్ని కూడా వదల్లేదు. కన్సోల్‌లో బూట్‌సీఎఫ్‌జీ, స్పేస్, ప్రశ్న గుర్తు ఉన్న మీట మీది ముందుకు వాలిన గీత, రీబిల్డ్ అని కొట్టండి. అది విండోస్‌ని వెతికి చూపిస్తుంది. వై నొక్కాక పేరు అడుగుతుంది, విండోస్ ఎక్స్‌పీ అని రాయండి. తర్వాత ఆప్షన్లు అడిగితే ముందుకు వాలిన గీత, ఫాస్ట్‌డిటెక్ట్. బాబాయి మాత్రం పేరు అడిగిన చోట షాపు పేరు కొట్టాడు. అదీ పనిచేసింది.