ప్రైమరీ క్లాసుల్లో సోషల్: చెన్నై బడికి ఏడాది ప్లాన్

జూన్‌లో బడి తెరిచే వారం చాలామందిమి ఒకే పని చేస్తాం. పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని, పాఠాలను నెలలకు పంచేసి, రికార్డు రాసి హెచ్.ఎం. సంతకం తీసుకుంటాం. లెక్కలకు అది సరిపోతుంది, సోషల్‌కు సరిపోదు. వానల పాఠం ఫిబ్రవరిలో పడితే చెన్నైలో పిల్లలకు బయట చూపించడానికి ఏమీ ఉండదు. అందుకే సోషల్ ప్లాన్ రాసేటప్పుడు నేను ముందు క్యాలెండర్ తీస్తాను, తర్వాత ఊరి మ్యాపు తీస్తాను, పుస్తకం ఆఖరున తెరుస్తాను.

పాత వాషర్మన్‌పేట దగ్గర ఒక చిన్న బడిలో మూడు, నాలుగు, ఐదు క్లాసులకు సోషల్ నాదే. పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. చాలామంది సొంతూళ్లు నెల్లూరు, చిత్తూరు, ప్రకాశం జిల్లాల్లో ఉన్నాయి. నేను చెప్పే చోట్లు మా బడికి దగ్గరవి. మీరు మీ పేటకు తగ్గట్టు మార్చుకోండి.

ఒక క్లాసుకు ఒక ప్రశ్న

చరిత్రకు ఒక ప్లాన్, భూగోళానికి ఇంకో ప్లాన్ వేయకండి. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ రెండూ వేరు కావు. ఏడాది పొడుగునా నిలబడే ప్రశ్న ఒకటి తీసుకుని, రెండు సబ్జెక్టులనూ దాని కిందికి తెండి.

మూడో క్లాసుకు నా ప్రశ్న: మన వీధి ఎప్పటి నుంచీ ఇలాగే ఉందా? నాలుగో క్లాసుకు: మన కుళాయిలో నీళ్లు ఎక్కడివి? ఐదో క్లాసుకు: చెన్నై ఎప్పుడు మొదలైంది, ఆ సంగతి మనకెలా తెలుసు? ప్రశ్న మంచిదో కాదో తేల్చుకోవడానికి నాకు ఒకటే పరీక్ష. దాని జవాబు కోసం పిల్లలు మ్యాపు చూడాలి, పెద్దవాళ్లను అడగాలి, కనీసం ఒకసారి బడి దాటి బయటికి వెళ్లాలి. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ప్రశ్న మార్చేస్తాను.

మొదటి టర్మ్: నీడ, దారం

జులై మొదటి వారంలో మధ్యాహ్నం పన్నెండుంపావు ప్రాంతంలో మీటరు పొడుగు కర్రను ఆటస్థలంలో నిటారుగా పాతించండి. నీడ కొసను చాక్‌పీస్‌తో గుర్తు పెట్టమనండి. నీడ ఒక జానెడు లోపే ఉంటుంది, అదీ దక్షిణం వైపు పడుతుంది. పిల్లలు దీన్ని పెద్దగా పట్టించుకోరు. పట్టించుకోకపోయినా ఫరవాలేదు, తేదీ వేసి కొలత రాయించండి. వారానికోసారి కొలిపిస్తూ పొండి. నీడ పొట్టిదవుతూ వచ్చి, ఆగస్టు మూడో వారంలో ఒక మధ్యాహ్నం కర్ర కిందకే చేరిపోతుంది. ఆ తర్వాత ఉత్తరం వైపుకు తిరుగుతుంది. సెప్టెంబర్ 23 నాటికి సుమారు 23 సెంటీమీటర్లు, డిసెంబర్ మూడో వారానికి ముప్పావు మీటరు దాకా సాగుతుంది. చెన్నై 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండటం వల్ల సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. రెండోది ఏప్రిల్ చివరి వారంలో. అక్షాంశం అన్న మాట మూడో క్లాసుకు అక్కర్లేదు. ఐదో క్లాసుకు చెప్పండి. కొలతల పట్టిక చేతిలో ఉంటే ఆ మాట దానంతటదే అర్థమవుతుంది. ఆగస్టులో మబ్బు పడుతుంది కాబట్టి ఆ వారంలో రెండు మూడు రోజులు అటూ ఇటూ ఖాళీ ఉంచుకోండి.

ఆగస్టు 22న ఊరంతా మద్రాస్ డే జరుపుకుంటుంది. నీడ మాయమయ్యే రోజూ, ఊరి పుట్టినరోజూ ఒకే వారంలో రావడం మనకు కలిసొచ్చిన విషయం. ఐదో క్లాసు పెద్ద ప్రశ్న నేను అప్పుడే మొదలుపెడతాను. 1639లో దామర్ల వెంకటాద్రి నాయకుడు ఈస్టిండియా కంపెనీకి ఇక్కడ కోట కట్టుకోవడానికి అనుమతి ఇచ్చాడు. కంపెనీ తరఫున మాట్లాడినవాడు ఫ్రాన్సిస్ డే. ఆ పత్రం తేదీ జులైయా ఆగస్టా అన్న వాదన చరిత్రకారుల్లో ఉంది. ఇలాంటివి పిల్లలకు ఎందుకని దాచొద్దు. పదేళ్ల పిల్లలకు తేదీ మీద తగాదా భలే నచ్చుతుంది, చరిత్ర అంటే కాగితాలు చదివి తేల్చుకునే పని అని తెలిసేది కూడా అక్కడే. ఇంకో మాట తప్పకుండా చెప్పండి: 1639కి ముందు ఇక్కడ మనుషుల్లేరని కాదు. మైలాపూరు, తిరువల్లిక్కేణి అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచీ ఉన్నాయి.

ఇప్పుడు దారం. సోషల్ క్లాసుకు నేను కొనే వస్తువుల్లో దీని ధరే తక్కువ, దీని పనే ఎక్కువ. ఏడాదికి ఒక సెంటీమీటరు లెక్కన గోడకు దారం కట్టండి. 1639 నుంచి ఇప్పటిదాకా నాలుగు మీటర్లకు కాస్త తక్కువ వస్తుంది, క్లాసు గోడకు చక్కగా సరిపోతుంది. మొదట ఏ రాజు పేరూ తగిలించకండి. పిల్లల్ని తమ వయసు కొలుచుకోమనండి. నాలుగో క్లాసు పిల్ల జీవితం తొమ్మిది సెంటీమీటర్లు. వాళ్ల నాయనమ్మది అరవై ఐదు. ఆ ముక్క పక్కన మిగతా దారం పొడుగు చూసినప్పుడు క్లాసు కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడు క్లిప్పులతో చీటీలు తగిలించడం మొదలుపెట్టండి: 1802, 1856, 1953, 1996, 2015. ఒక్కో చీటీ ఒక్కో పాఠం తర్వాతే ఎక్కాలి, ముందే అన్నీ రాసి పెట్టకూడదు.

ఇదే దారాన్ని వెనక్కి సాగదీస్తే అమరావతి శిల్పాల కాలానికి ఇంచుమించు ఇరవై మీటర్లు కావాలి. వరండాలోకి వెళ్లి పిల్లల చేత పట్టించండి. తిరువళ్లూరు జిల్లాలోని అత్తిరంబాక్కంలో దొరికిన రాతి పనిముట్లు 15 లక్షల ఏళ్ల నాటివి. వాటికి దారం 15 కిలోమీటర్లు కావాలి. సెంట్రల్ స్టేషన్ నుంచి పరిస్తే దాదాపు ఎయిర్‌పోర్టు దరిదాపుల్లోకి పోతుంది. ‘చాలా కాలం కిందట’ అని మనం అనే మాటలో ఎంత తేడా దాగి ఉందో పిల్లలకు ఇలా తప్ప ఇంకోలా చెప్పడం నాకు చేతకాదు.

మూడో క్లాసు మ్యాపు

మ్యాపును గోడకు తగిలించి మొదలుపెడితే ఉత్తరం అంటే సీలింగ్ వైపు అనుకుంటారు. నేలమీద పరవండి. చెన్నైలో మనకున్న పెద్ద సౌకర్యం సముద్రం. సముద్రం ఉన్న వైపు తూర్పు, అక్కణ్ణుంచి మిగతావి. ముందు క్లాసుగది నేలమీద చాక్‌పీస్‌తో, తర్వాత బడి, తర్వాత వీధి. మేము రాయపురం స్టేషన్ దాకా నడుస్తాం. దక్షిణ భారతంలో మొదటి ప్రయాణికుల రైలు 1856లో అక్కణ్ణుంచే వాలాజా రోడ్డుకు బయల్దేరింది. వెళ్లేముందు దారి ఒకసారి గీయించండి, వచ్చాక మళ్లీ గీయించండి. రెండు కాగితాలూ పక్కపక్కన అంటించి ఇంటికి పంపండి. తల్లిదండ్రులకు మీరు వేరే వివరణ ఇవ్వక్కర్లేదు.

రెండో టర్మ్: వాన, ఇంటి పెద్దలు

చెన్నైకి అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడుతుంది. ఏడాది వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే. దీంతో రెండు జరుగుతాయి. వాన పాఠానికి ఇదే సరైన కాలం, పైగా వాన సెలవులు వచ్చేదీ ఇప్పుడే. కాబట్టి ఈ టర్మ్‌లో మూడింట రెండు వంతుల వారాలకే పాఠాలు రాయండి. మిగతావి ఖాళీగా వదలండి. పూర్తిగా నింపిన ప్లాన్ నవంబర్‌లో విరిగి, డిసెంబర్‌లో పిల్లల మీద పడుతుంది, మనకూ టెన్షన్.

వానమాపకం కోసం నిటారు గోడలున్న ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, తలకిందులుగా అందులోనే పెట్టండి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, సమంగా వచ్చేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీసి స్కేలు అంటించండి. బడికి పక్కనే ఉన్న ఇంటి పిల్లకు ఈ బాధ్యత ఇస్తే సెలవు రోజుల్లో కూడా లెక్క తప్పదు. ఉదయం 8.30కి చూడాలి, వాతావరణ శాఖ చూసేదీ అప్పుడే. పేపర్లో నుంగంబాక్కం, మీనంబాక్కం వాతావరణ కేంద్రాల లెక్కలు వస్తాయి. మన సీసా లెక్కతో కలిపి మూడూ చార్టు మీద పక్కపక్కన రాయించండి. ఒకే ఊళ్లో మూడు అంకెలు ఎందుకొచ్చాయని పిల్లలే అడుగుతారు. నా అనుభవంలో పుస్తకంలోని వాతావరణం పాఠం ఆ ప్రశ్న తర్వాత సగం సమయంలో అయిపోతుంది.

వాన కురుస్తున్న రోజుల్లోనే ఇంటి చరిత్ర మొదలుపెట్టండి. 2015 డిసెంబర్ వరద మన పిల్లలకు గుర్తుండదు, ఇంట్లో వాళ్లకు బాగా గుర్తుంది. ‘వరద గురించి అడిగి రండి’ అంటే రెండు వాక్యాలు రాసుకొస్తారు. ప్రశ్నలు మనమే పదును పెట్టి ఇవ్వాలి. ‘నీళ్లు మనింట్లో ఎక్కడిదాకా వచ్చాయి, గోడమీద చెయ్యి పెట్టి చూపించమ్మా.’ ‘కరెంటు ఎన్నాళ్లు లేదు?’ ‘ముందుగా ఏ వస్తువు పైకెక్కించారు?’ మరునాడు ఒకే వీధిలోని రెండిళ్ల జవాబులు బోర్డు మీద పక్కపక్కన రాయండి. తేడాలుంటాయి. ఎవరిది తప్పు అని అడగొద్దు. ఎవరు ఎక్కడుండి చూశారు, ఎవరిల్లు పల్లంలో ఉంది అని అడగండి. సాక్ష్యం సరిచూడటం ఈ వయసు పిల్లలకు నేర్పాలంటే ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు.

2004 డిసెంబర్ 26 సునామీని మాత్రం నేను హోంవర్కుగా ఇవ్వను. మా బడిలో సముద్రం ఒడ్డున జాలర్లుండే కాశిమేడు వైపు నుంచి వచ్చే పిల్లలున్నారు, ఆ ఇళ్లల్లో అది పాఠం కాదు. పిల్లలు తమంతట చెబితే వినండి, చీటీ రాసి దారానికి తగిలించండి, అంతటితో ఆపండి.

మూడో టర్మ్: ఊరెళ్లి వచ్చాక

సంక్రాంతికి సగం క్లాసు రైలెక్కుతుంది. దాన్ని వాడుకోండి. సెలవుకు ముందు ఒక కాగితం ఇచ్చి, దారిలో వచ్చిన స్టేషన్లు, దాటిన నదులు వరసగా రాసుకురమ్మనండి. సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు. స్వర్ణముఖి, పెన్న, ఇంకా పైకెళ్తే విజయవాడ దగ్గర కృష్ణ. ఊరెళ్లని పిల్లలకు అదే దారిని మ్యాపు మీద వేలితో వెళ్లే పని ఇవ్వండి, వాళ్లను ఖాళీగా కూర్చోబెట్టొద్దు.

ఇక నాలుగో క్లాసు కుళాయి ప్రశ్న ఇక్కడ ముడిపడుతుంది. చెన్నైకి కృష్ణ నీళ్లు తెచ్చే తెలుగు గంగ ఒప్పందం 1983లో జరిగింది. ఆ నీళ్లు కండలేరు జలాశయం నుంచి కాలువ గుండా ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటి పూండి జలాశయానికి వస్తాయి. మొదటిసారి వచ్చింది 1996లో. మద్రాసు పేరు చెన్నైగా మారింది కూడా ఆ ఏడే, దారం మీద రెండు చీటీలూ ఒకే చోట పడతాయి. అయితే చెన్నై కుళాయి నీళ్లన్నీ కృష్ణవే అని చెప్పకండి. పుళల్, చెంబరంబాక్కం లాంటి చెరువులున్నాయి, 2010లో మీంజూరు దగ్గర సముద్రపు నీటిని మంచినీళ్లు చేసే ప్లాంటు మొదలైంది. 2019 వేసవిలో చెరువులు ఎండిన సంగతి ఇంట్లో అడిగి రమ్మనండి, లారీ నీళ్ల కోసం నిలబడ్డ అమ్మలు చెప్పేది ఏ పుస్తకంలోనూ దొరకదు.

ఎగ్మోరు మ్యూజియం ట్రిప్పు కూడా ఈ టర్మ్‌లోనే పెట్టుకోండి. మాకు మెట్రోలో సెంట్రల్ దగ్గర మారితే వెళ్లిపోతాం. శుక్రవారం సెలవు, చూసుకోండి. మ్యూజియం మొత్తం చూపించాలని ఆశ పడొద్దు. అమరావతి గ్యాలరీ ఒక్కటి, అందులో మూడు రాళ్లు. ఒక్కో రాయి ముందు కూర్చుని గీయించండి. గుంటూరు వైపు కృష్ణ ఒడ్డు రాళ్లు ఇక్కడికి ఎందుకొచ్చాయి, లండన్‌కు ఎందుకెళ్లాయి అన్నది తిరిగొచ్చాక మాట్లాడుకునే ప్రశ్న.

ఐదో క్లాసుకు నేను ఈ టర్మ్‌లో ఇచ్చే ప్రశ్న: అమ్మమ్మ ఊరు వేరే రాష్ట్రంలో ఎందుకుంది? 1953 దాకా నెల్లూరూ, మనమున్న ఈ ఊరూ ఒకే మద్రాసు రాష్ట్రం. పొట్టి శ్రీరాములు మైలాపూరులో నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబర్ 15న ప్రాణాలు వదిలారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాష్ట్రాలు, రాజధానుల పట్టిక బట్టీ పట్టించడానికి ముందు ఒక్క సరిహద్దు ఎలా పుట్టిందో తెలిస్తే మిగతా గీతలు పిల్లలకు ఉత్త గీతల్లా కనిపించవు.

స్కేలు పాఠం కూడా వీళ్లకే. వరండాను అడుగులతో, తాడుతో, టేపుతో కొలిపించి మూడు జవాబులు రాయించండి. ఆ తర్వాత 1802లో లాంబ్టన్ అనే బ్రిటిష్ సర్వేయరు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర వంద అడుగుల ఉక్కు గొలుసుతో దాదాపు 12 కిలోమీటర్ల గీత కొలిచి, దాని ఆధారంగా దేశం మ్యాపు పని మొదలుపెట్టాడని చెప్పండి.

రికార్డు, పరీక్ష

ఒక్కో టర్మ్‌కు ఒక్క పేజీ చాలు. పైన ప్రశ్న. కింద వెళ్లే చోటు, మ్యాపు మీద చేరేవి, దారం మీద చేరేవి, పిల్లల చేతుల్లో తయారయ్యేది. అప్పుడు పుస్తకం తెరిచి, ఏ పాఠం ఎక్కడ కలుస్తుందో పెన్సిల్‌తో నంబరు వేయండి. ఎక్కడా కలవని పాఠాలు కొన్ని మిగులుతాయి. వాటిని మామూలుగా, త్వరగా చెప్పేయండి. తనిఖీకి వచ్చినవాళ్లకు ఆ నంబర్లు చూపిస్తే సరిపోతుంది.

టర్మ్ చివర నేను తెల్లకాగితం ఇస్తాను. నాలుగో క్లాసుకైతే ‘నీ గ్లాసులోకి నీళ్లు ఎలా వచ్చాయో గీసి చూపించు’ అంటాను. మార్కులు వేసేటప్పుడు బొమ్మ అందం చూడను. మూడే చూస్తాను: దిక్కులు సరిగ్గా ఉన్నాయా, నీళ్లు ఎత్తు నుంచి పల్లానికి వస్తున్నాయా, ఏదో ఒకచోట తేదీ ఉందా. మొదటి రెండూ చాలామంది రాస్తారు. తేదీ మర్చిపోయినవాళ్లను దారం దగ్గరికి తీసుకెళ్లి, చీటీలు చూసి అప్పుడే రాసుకోమంటాను. మార్కు తగ్గించను.