రాకెట్ రసాయనం, 3వ పాఠం: సీసాలో ఆక్సిజన్ ఎంత?

మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా మీద ‘20 వాల్యూమ్’ అని ఉంటే, ఒక మి.లీ. ద్రావణం పూర్తిగా విడిపోయినప్పుడు 20 మి.లీ. ఆక్సిజన్ వస్తుందని అర్థం. శాతంలో చెప్పాలంటే అది దాదాపు 6. ఆ మాట నిజమో కాదో కొలిచి తెలుసుకోవడమే నేటి పని. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా మొదలుపెట్టవద్దు.

ఒక సీసాలో 10 మి.లీ. ద్రావణం పోసి, దాన్ని త్వరగా విడగొట్టే బేకరీ ఈస్ట్ చిటికెడు వేసి, వెంటనే సన్నని ప్లాస్టిక్ గొట్టం దూర్చిన బిరడా పెట్టండి. గొట్టం రెండో కొన నీళ్ల తొట్టిలో బోర్లించిన, నీళ్లతో నిండిన కొలజాడీ కిందికి వెళ్లాలి. గొట్టం మూసుకుపోతే సీసా పగలవచ్చు కనుక దారి తెరిచి ఉందో లేదో ముందే ఊది చూసుకోవాలి.

లెక్క ప్రకారం 200 మి.లీ. రావాలి. అయితే మే నెలలో నల్లగొండలో ఈ పని చేసినవారికి 230 దాటి రావచ్చు; మందు ఎక్కువ బలంగా ఉందని సంబరపడవద్దు. వాల్యూమ్ లెక్క సున్నా డిగ్రీల వాయువుకు కట్టినది, 40 డిగ్రీల వేడిలో అదే ఆక్సిజన్ సుమారు 229 మి.లీ.కి వ్యాకోచిస్తుంది, పైగా నీటి ఆవిరి తోడవుతుంది. తక్కువ వచ్చిందంటే మాత్రం రేకుల కప్పు కింద నిలవ ఉన్న సీసాలో మందు తనంతట తానే కొంత విడిపోయి ఉంటుంది. మూత తీయగానే ‘తుస్సు’మన్న సీసాను నేనైతే కొనను.

రెండో ప్రయత్నంగా థర్మోకోల్ కప్పులో అంతే ద్రావణానికి ఈస్ట్ కలిపి థర్మామీటరు ముంచండి. వేడి ఎటూ పోకపోతే మొదట ఉన్నదాని మీద మరో 40 డిగ్రీల దాకా పెరగాలి గానీ అంత చూడలేరు, వేడెక్కిన కొద్దీ ఈస్ట్ పని మందగిస్తుంది. ఈ వేడీ, దానితో వచ్చే ఆక్సిజనూ రాకెట్‌కు అసలు విషయం: 1971 అక్టోబరు 28న ప్రాస్పెరో ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన బ్రిటన్ రాకెట్ బ్లాక్ యారో, కిరోసిన్‌ను మండించడానికి గాఢ పెరాక్సైడ్‌నే వాడింది.

గాఢత పెంచే పద్ధతి ఈ పాఠాల్లో ఉండదు. మన ద్రావణంలో 94 పాళ్ల నీరు వేడిని మింగుతుంది. నీరు తగ్గిన కొద్దీ ఆ ఆసరా పోయి, దుమ్ము, తుప్పు రేణువు చాలు, విడిపోవడం అదుపు తప్పుతుంది. బట్ట మీద పడితే మంటే. వచ్చే పాఠానికి మూడుసార్లు కొలిచిన ఆక్సిజన్ అంకెలు, ఆనాటి గది వేడి నోటుపుస్తకంలో రాసి ఉంచండి.