అనపగింజల వంట – మూడవ పాఠం: పితికిపప్పు

గత పాఠంలో అనపకాయలను ఒలిచి, లేత గింజలనూ ముదురు గింజలనూ వేరుచేయడం నేర్చుకున్నాము. చిత్తూరు ప్రాంతంలోనూ దానిని ఆనుకొని ఉన్న కన్నడ సీమలోనూ సంక్రాంతి రోజులలో ఇష్టంగా వండుకునే పితికిపప్పు కూర ఈ పాఠంలోని విషయం.

పితకడానికి నిండుగా ఊరిన పచ్చి గింజలే తగినవి. మరీ లేత గింజ వేళ్ల మధ్యనే చితికిపోతుంది, ముదిరినది తోలు వదలదు. గింజలు మునిగేటన్ని నీళ్లు పోసి రాత్రంతా నానబెడితే తోలు ఉబ్బి పప్పునుంచి విడివడుతుంది. మరునాడు ఒక్కొక్క గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకొని మెల్లగా నొక్కితే పప్పు జారి బయటికి వస్తుంది. మొదటి రోజున సగం పప్పు గిన్నెలో కాక గోడమీద పడుతుంది కనుక గిన్నెను చేతికి దగ్గరగా పెట్టుకోండి. ఈ పని ఒక్కరే కూర్చుని చేసేది కాదు, ఇంట్లో నలుగురినీ పిలవండి.

ఎండు అనపగింజలలో 100 గ్రాములకు దాదాపు 24 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పచ్చి గింజలలో నీరు ఎక్కువ కనుక అంత ఉండవు. మాంసకృత్తులను కూర్చే అమైనో ఆమ్లాలలో లైసిన్ అనేది వీటిలో ఎక్కువ, మిథియోనిన్ అనేది తక్కువ. రాగులలో మిథియోనిన్ బాగానే ఉంటుంది కనుక, రాగిసంకటితో ఈ కూర తినే అలవాటు రుచికే కాక ఒంటికీ సరిపోయినదే. అయితే తోలుతో పాటు పీచు పోతుంది. అందుచేత పితికిపప్పును పండుగ వంటగా ఉంచుకొని, మామూలు రోజులలో తోలుతోనే వండుకోవడం మేలని నా అభిప్రాయం. ఎండు గింజలనైతే నానబెట్టి, బాగా ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి.

రెండు గ్లాసుల పప్పుకు ధనియాలు, గసగసాలు, చెక్క, లవంగాలు, అల్లం, వెల్లుల్లి, పచ్చికొబ్బరి కలిపి మెత్తగా నూరుకోండి. నూనెలో ఉల్లిపాయ ముక్కలు మగ్గాక పప్పు వేసి రెండు నిమిషాలు కలియబెట్టి, మునిగేటన్ని నీళ్లు పోసి మూత పెట్టండి. కుక్కరు వద్దు, ఒక్క కూత ఎక్కువైతే పప్పు ముద్దైపోతుంది. వేలితో నొక్కితే మెదిగేటంత ఉడికిన తరువాతనే టమాటా, ఉప్పు, కారం, నూరిన ముద్ద వేయాలి. పులుపు ముందే తగిలితే గింజ త్వరగా మెత్తబడదు. కొత్తగా వండేవారు ఎక్కువగా తప్పేది ఇక్కడే.

పితికిన పప్పులో గుప్పెడు తీసి, పొడిబట్టమీద తడి పూర్తిగా ఆరేలా పరచి ఉంచండి. నాలుగవ పాఠంలో దానిని నూనెలో వేయించి కారప్పప్పు చేద్దాము. తడి మిగిలి ఉంటే నూనె చిటపటలాడి మీదికి చిందుతుంది.